తగలకూడని దెబ్బ

పోయిన ఆదివారం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఒక పెద్ద సరుకుల దుకాణంలో బిల్లు కట్టడానికి నిలబడ్డాం, నేనూ మా ఆయనా. మా ముందున్న కుర్రాడి కాళ్ల దగ్గర అతని కూతురు, నాలుగేళ్లుంటాయేమో, నేలమీద వెల్లకిలా పడుకుని చాక్లెట్ గుడ్డు కోసం దుకాణం దద్దరిల్లేలా ఏడుస్తోంది. ఆ అబ్బాయి బుట్ట పక్కన పెట్టి, పిల్ల దగ్గర గొంతుక్కూర్చుని, "నీకు కోపం వచ్చింది, నాకు తెలుసు నాన్నా. ఏడువు. నేనిక్కడే ఉన్నా" అంటున్నాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న మాటలని తెలుస్తూనే ఉంది. మధ్యమధ్య తరవాతి వాక్యం గుర్తురాక ఆగుతున్నాడు. వెనక వరుస పెరిగిపోతోంది. మా వెనకున్న పెద్దావిడ విసుగొచ్చి, "ఇంత బతిమాలుడెందుకండీ, రెండు తగిలిస్తే అదే లేస్తుంది. మా పిల్లల్ని అట్లాగే పెంచాం, అందరూ బాగానే ఉన్నారు" అంది, గోడతో అన్నట్టు. మామూలుగా వరుసలో కాసేపు కూడా ఓపిగ్గా నిలబడలేని మా ఆయన వెనక్కి తిరిగి, "కానివ్వండమ్మా, మాకేం తొందర్లేదు" అన్నాడు. అని, చేతిలో సంచి నాకిచ్చి, "నేను కార్లో ఉంటా" అంటూ వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఫిల్మ్‌నగర్‌కు తిరిగే మలుపు దగ్గర ఇద్దరం ఒక్కసారే అటు చూశాం. ఆ దారిలో పైకి ఎక్కితే మా మామగారి ఇల్లుండేది.

మామగారు సినిమాల్లో ఫైటరు. తెరమీద పేరు పడే ఫైట్ మాస్టరు కాదు, హీరో చేతిలో తన్నులు తిని మూలకొకరుగా పడిపోయే గుంపులో ఒకరు. రేపల్లె దగ్గర పల్లెటూరి నుంచి మీసాలు రాని వయసులో మద్రాసు పారిపోయి, పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు దానితో పాటే భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకొచ్చి, ఫిల్మ్‌నగర్ కొండవాలులో బండరాళ్ల సందున రెండు గదులు వేసుకున్నారు. అవతల ఎత్తైన గేట్ల బంగళాలు, ఇవతల రేకుల కప్పులు, నడుమ ఒక్క రోడ్డు. మేడల మీంచి, గాజుతలుపుల్లోంచి, గుర్రాల మీంచి పడీ పడీ ఆయన ఒంట్లో విరగని ఎముకలు తక్కువ. కుడిభుజం మాటిమాటికీ జారడం మొదలయ్యాక పడటం మానేసి, డబ్బింగ్ థియేటర్లలో ఫైట్లకు అరుపులిచ్చే పని చేసుకునేవారు. తెరమీద ఎవరో తన్నులు తింటుంటే ఇక్కడ చీకటి గదిలో మైకు ముందు ఆయన మూలగాలన్నమాట.

నేనాయన్ని మొదట చూసింది అలాంటి చోటే. మాది హనుమకొండ. ఇంట్లో "ఏంది, గట్లనా" అని మాట్లాడే నేను, శ్రీనగర్ కాలనీలో ఒక థియేటర్లో అడుగుపెట్టగానే "ఏంటండీ, అలాగా" అంటూ ఎవరెవరో అందమైన అమ్మాయిల పెదవులకు గొంతు అరువిచ్చేదాన్ని. ఒకరోజు వరండాలో నా వంతు కోసం కూర్చుంటే, లోపల ఎవరినో చంపుతున్నట్టు అరుపులు. తలుపు గాజులోంచి తొంగిచూశాను. సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దమనిషొకాయన కడుపు పట్టుకుని ఒంగి, ఒక్కడే శ్రద్ధగా చచ్చిపోతున్నాడు. బయటికొచ్చి ఫ్లాస్కులో వేడినీళ్లు తాగి, నన్ను చూసి, "ఇవాళ ఊరందరి చావూ నేనే చచ్చానమ్మా" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ ఏడు తిరక్కుండానే అరటిగెల మోసుకుని హనుమకొండ వచ్చి, "మీ అమ్మాయిని నా కొడుక్కి ఇవ్వండి. బ్యాంకులో ఉద్యోగం. వాడు నాలాంటివాడు కాదు" అని మా నాన్నను అడిగారు. ఎంత వినయం, అనుకున్నాం మేమంతా. ఆ ఆఖరి మాటలో వినయం కాక ఇంకేదో ఉందని నాకు తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

మా ఆయనకు ఎడమచెవి వినపడదు. చిన్నప్పుడు దెబ్బ తగిలిందని పెళ్లైన కొత్తలో చెప్పాడు. ఆడుకుంటూ పడి ఉంటాడనుకుని నేను మరి అడగలేదు. గొంతుతో బతికేదాన్ని కనక కుడిపక్కన నడవడం, కుడిపక్కన కూర్చోవడం నాకు తొందరగానే అలవాటైంది. మామగారు మా ఇంటికొచ్చినప్పుడు ఆయన కూడా కుర్చీ జరుపుకుని కొడుక్కి కుడివైపుకే వచ్చి కూర్చునేవారు. అటు చోటు లేకపోతే మాట్లాడకుండా ఊరుకునేవారు. అయినా వాళ్లిద్దరి మధ్య మాటలు ఏమంత ఉండేవని. "తిన్నారా", "మందులేసుకున్నారా", "ఊ". మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆవిడ ఉంటే ఆ మూడు మాటలకూ ఇంకో రెండు కలిసేవేమో.

మా అబ్బాయి పుట్టిన వారానికి మామగారు వచ్చి, తొట్టెను ముట్టుకోకుండా దూరంగా నిలబడి చూసి వెళ్లారు. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక మా ఆయన నాతో, "వీణ్ణి మా నాన్న దగ్గర ఒంటరిగా ఎప్పుడూ వదలొద్దు" అన్నాడు. అప్పుడు చెప్పాడు చెవి సంగతి. షూటింగు నుంచి వచ్చిన మనిషి, అన్నం కంచంలో ఆడుతున్న కొడుకుని చెవిమీద ఒక్క దెబ్బ వేశాడట. అదొక్కటే కాదు. బెల్టు తీసే చప్పుడు వినగానే మంచం కింద దూరేవాడట తను. ఆయన మంచం ఎత్తి పక్కన పెట్టేవాడట, సెట్‌లో బల్ల ఎత్తినట్టు. మధ్యలో అమ్మ అడ్డం పడేదట. మా ఆయన ఇదంతా కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను సరేనన్నాను. ఆ సరే అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

మావాడు నాలుగో ఏట పడేసరికి వాడికి చెయ్యీ లేచింది, నోరూ లేచింది. నోరంటే మాటలు కావు, పళ్లు. ప్లేస్కూల్లో బొమ్మ ఇవ్వనన్న పిల్లాడి బుగ్గ కొరికాడు. లిఫ్టులో పొరుగావిడ చెయ్యి కొరికాడు. అడిగింది ఇవ్వకపోతే చేతికందింది విసిరేవాడు. పిల్లాడి మీద చెయ్యెత్తనని ఒట్టు పెట్టుకున్న మా ఆయనకు చెయ్యెత్తకుండా ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని వాడు అల్లరి మొదలుపెట్టగానే బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. మిగిలినదాన్ని నేను. నేను కొట్టేదాన్ని కాదు గానీ, అరిచేదాన్ని. థియేటర్లో దాచుకున్న గొంతంతా ఇంట్లో ఖర్చుపెట్టేదాన్ని. వాడు చెవులు మూసుకుని ఇంకా గట్టిగా అరిచేవాడు. అపార్ట్‌మెంటులో మా ఇంటి తలుపు తెరిచి ఉంటే జనం వాడేం విసురుతాడోనని మా గుమ్మం ముందు నుంచి మెట్లు దిగేవారు కాదు.

అలాంటప్పుడు వాణ్ణి చూసుకునే బోరబండ ఆవిడ కూతురి పురుడని మానేసింది. అప్పుడే నాకు ఒక పెద్ద సినిమాలో హీరోయిన్‌కు మొదటి నుంచి చివరిదాకా డబ్బింగ్ చెప్పే అవకాశం వచ్చింది. ప్లేస్కూల్ మధ్యాహ్నానికే అయిపోతుంది. రెండురోజులు వాణ్ణి థియేటర్‌కే తీసుకెళ్లాను. మూడోరోజు సౌండ్ ఇంజినీరు, "మేడమ్, బాబు ఏడుపు ట్రాక్‌లో పడుతోంది" అన్నాడు మర్యాదగా. ఆ మధ్యాహ్నం ఆటో ఎక్కి, డ్రైవరుకు ఫిల్మ్‌నగర్ అని చెప్పాను.

మామగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నారు. ఎర్రగడ్డ మార్కెట్‌కు వెళ్లి వారానికి సరిపడా కూరలు తెచ్చుకోవడం ఆయనకొక వేడుక. "జరసేపు వీణ్ణి చూస్కోండి మామయ్యా, పొద్దు గూకకముందే వస్త" అన్నాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది.

"నా దగ్గరా? మీ ఆయనకి తెలుసా అమ్మా?"

"తెల్వదు. నేను చెప్పలే."

ఆయన చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, "అయితే వీధి తలుపు తీసే ఉంచుతాను. వెళ్తూ వెళ్తూ ఎదురింటావిణ్ణి కాస్త ఇటు కన్నేసి ఉంచమను" అన్నారు. పిల్లాడి మీద కన్నేయమంటున్నారనుకున్నాను. ఆటో సందు దిగుతుంటే అర్థమైంది, ఆయన కన్నేసి ఉంచమన్నది తన మీద.

మొదటిరోజే మావాడు ఆయన మణికట్టు కొరికాడు. ఆయన బేకరీకి తీసుకెళ్లి క్రీమ్‌బన్ను కొనిపెట్టారు. మర్నాడు వాడు మళ్లీ కొరికి, చెప్పుల దగ్గరికెళ్లి నిలబడ్డాడట. "కరిస్తే బన్ను వస్తుందనుకుంటున్నాడమ్మా. నేనే నేర్పాను ఎదవ పని" అని ఆయన నాతో చెప్పి నవ్వారు. అలా తప్పులు చేసుకుంటూనే వాడి దారి పట్టుకున్నారు. వాడు చేసిన వెధవ పనుల్ని వీలైనంత చూడనట్టు ఊరుకుని, చేసిన మంచి పని ఎంత చిన్నదైనా చూశానని చెప్పేవారు. "ఇవాళ తలుపు మెల్లగా వేశావు, చూశాను." "ఎదురింటి పిల్లకి బంతి నువ్వే ఇచ్చావు, చూశాను." అంతే. బన్నులూ లేవు, శభాషులూ లేవు. ఆ "చూశాను" కోసం మావాడు వాకిట్లో తలుపు మెల్లగా వేస్తూ తీస్తూ ఎంతసేపైనా ఉండేవాడు.

చెయ్యి లేచే జబ్బుకు మాత్రం ఆయనకు తెలిసిన మందే వేశారు. వాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఫైటు నేర్పారు. గుద్దు ముక్కుదాకా వెళ్లి ఆగాలి, ఎదుటివాడు తల తిప్పుకుని "హా" అని పడాలి. "కోపమొస్తే ఇలా కొట్టు. ఎంత గట్టిగానైనా కొట్టు. కానీ తగలకూడదు. తగిలితే తప్పు. తగిలినవాణ్ణి మర్నాడు షూటింగుకి పిలవరు." వాడు కొట్టేవాడు, ఆయన ఆ వయసులో ఆ భుజంతో దుప్పటి పరిచిన నేలమీద పడి, తన వృత్తి గొంతంతా పెట్టి మూలిగేవారు. వాడు పగలబడి నవ్వేవాడు. కొన్నాళ్లకు ప్లేస్కూల్ టీచరు నన్ను పిలిచి, మావాడు కొరకడం మానేశాడనీ, కాకపోతే క్లాసులో పిల్లలంతా వాడు చెయ్యి ఊపినప్పుడల్లా "హా" అంటూ పడిపోతున్నారనీ, దానికేమైనా చెయ్యగలరా అనీ అడిగింది.

ఒకసారి నేను పని తొందరగా అయిపోయి వెళ్లేసరికి గది నిండా గాజుముక్కలు. మావాడు కోపంలో గ్లాసు విసిరితే అత్తగారి ఫొటో పడి పగిలింది. వాడు మూలన నిలబడి రొప్పుతున్నాడు. మామగారు గుమ్మంలో, వీధికి ఎదురుగా, తన రెండు అరచేతులనూ తన కిందే పెట్టుకుని వాటిమీద కూర్చుని ఉన్నారు. కళ్లు మూసుకుని ఉన్నారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చాలాసేపటికి కళ్లు తెరిచి, "అయిందా నాన్నా నీది? నాదీ అయింది. పద, చెప్పులేసుకుని గాజుముక్కలు ఎత్తుదాం" అన్నారు. తరవాత నాతో, వాడు వినకుండా, "చెయ్యి లేస్తుందమ్మా ఇప్పటికీ. వయసైతే పోతుందనుకున్నాను. పోలేదు" అన్నారు.

మా ఇంట్లో మార్పు మా ఆయన కంట పడింది. వాడు చొక్కా పట్టి లాగడం మానేసి, "నాన్నా, నాకు కోపమొస్తోంది" అని చెప్పడం మొదలుపెట్టాడు. "ఎంత ఓపిక నీకు. నా వల్ల అయ్యేది కాదు" అన్నాడు నాతో ఒకసారి, అన్నం తింటూ. నేను పప్పు వడ్డించాను. ఆ ఓపిక నాది కాదని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. చెప్పలేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మొదటిరోజే ఆటోలో మావాడి తల నిమిరి, "తాతయ్య దగ్గరికి పోయినమని నాన్నకు చెప్పకు బేటా" అన్నాను. వాడు దాన్ని బాగా పట్టుకున్నాడు. రోజూ ఆటో దిగేముందు నా మొహంలోకి చూసి, "అమ్మా, మనం ఎక్కడికీ పోలేదు కదా" అనేవాడు, మెప్పు కోసం. నేను "గుడ్ బాయ్" అనేదాన్ని. ఒక ఇంట్లో వాడికి తలుపు మెల్లగా వేస్తే మెప్పు, ఇంకో ఇంటి గుమ్మంలో అబద్ధం శుభ్రంగా చెబితే మెప్పు. ఆ రెండో పాఠం నాది.

బయటపెట్టింది వాడే. ఒక సెలవురోజు మా ఆయన వార్తలు చూస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడి, పిడికిలి బిగించి, ఆయన ముక్కుదాకా విసిరి, వెంట్రుకవాసిలో ఆపాడు. మా ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వాడు ఆయన చెంప నిమిరి, "భయపడకు నాన్నా, తగలదు. తగిలితే తప్పు. తాతయ్య చెప్పాడు" అన్నాడు. అనేసి, నా వంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు ముగ్గురం ఫిల్మ్‌నగర్ వెళ్లాం. నేను వద్దంటూనే ఉన్నాను. "మామయ్య మారిన్రు. నేను కండ్లార చూసిన. జర నా మాట వినండి" అన్నాను దారి పొడుగునా, వెనక సీట్లోంచి ఆయన కుడిచెవి దగ్గరికి వంగి. ఆయన వినపడనట్టే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "తగిలితే తప్పని వాడికి చెప్పారట" అన్నాడు.

"చెప్పాను" అన్నారు మామగారు.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

మామగారు లేచి కొడుకు కుడివైపుకు వచ్చారు. మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన అక్కడే ఆగిపోయారు. "అప్పుడు తెలీదురా అంటే అబద్ధం. తెలుసు. మీ అమ్మ రోజూ చెప్పేది. సెట్‌లో హీరో మొహం మీద గోరు గీసుకుంటే బతుకు పోతుందని వేలు వేలూ చూసుకుని కొట్టేవాణ్ణి. ఇంట్లో..." అని ఆగి, "ఇంట్లో అడిగేవాడెవడు" అన్నారు.

మా ఆయన మూలనున్న మావాడి నీళ్లసీసా, రంగుపెన్సిళ్ల డబ్బా ఏరుకుని, వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగిపోయాడు. కార్లో నాతో ఒక్కమాటే అన్నాడు. "ఆయన నన్ను కొట్టాడు. నువ్వు వాడికి అబద్ధం నేర్పావు."

ఆ తరవాత వాణ్ణి చూసుకునేవాళ్లు లేక నేను సినిమా సగంలో మానేశాను. నా గొంతు పోయిందని ప్రచారం చేశారు, నేనూ కాదనలేదు. మావాడు తాతయ్యను అడగడం మానేసి, మళ్లీ విసరడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం మా ఆయన బల్లమీద బ్యాంకు ల్యాప్‌టాప్ పెట్టుకుని, వాణ్ణి ఆడించకుండా పని చేసుకుంటుంటే, వాడు నీళ్లసీసా మూత తీసి దానిమీద కుమ్మరించాడు. నేను వంటింట్లోంచి వచ్చేలోపే ఆ చప్పుడు వినపడింది. వీపుమీద పడింది దెబ్బ. వాడు ఏడవలేదు. తల తిప్పి, తండ్రి వంక ఆశ్చర్యంగా చూసి, "తగిలింది నాన్నా" అన్నాడు.

ఫిర్యాదు కాదది. ఆటలో పొరపాటు జరిగితే చెప్పినట్టు చెప్పాడు. మా ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. బాల్కనీలోకి వెళ్లబోయి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి నేలమీద కూలబడ్డాడు. "తప్పు నాన్నా, నాది తప్పు" అన్నాడు. వాడు వెళ్లి ఒళ్లో కూర్చున్నాడు.

ఆ ఆదివారం మా ఆయనే వాణ్ణి తీసుకుని ఫిల్మ్‌నగర్ వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. మామగారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, ఏమనాలో తెలియక వీధి తలుపు బార్లా తెరిచారు. మా ఆయన ఈసారి చెప్పులు విప్పాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, నేల వంక చూస్తూ, "చెయ్యి లేచినప్పుడు ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాడు.

"దానిమీద కూర్చుంటాను" అన్నారు మామగారు.

ఇంకేమీ అనుకోలేదు వాళ్లు. క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని ఈయన అనలేదు. ఆ తరవాత కూడా వాళ్ల మధ్య మాటలు మూడు నుంచి ఓ పదికి పెరిగాయేమో, అంతే. కానీ మధ్యాహ్నాలు మావాడు తాతగారి దగ్గరే పెరిగాడు, తండ్రికి తెలిసే. వాడేం రాముడు మంచి బాలుడు కాలేదు. పదేళ్లప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ సైకిలు గాలి తీసేశాడు, తెలిసి మా ఆయన వాడిచేతే పంపు కొట్టించాడు. వాడు గాలి కొడుతున్నంతసేపూ తను పక్కనే నిలబడి, చేతులు రెండూ వెనక జేబుల్లో పెట్టుకున్నాడు. మామగారు మూడేళ్ల కిందట, మధ్యాహ్నం నిద్రలో, అరుపూ మూలుగూ లేకుండా వెళ్లిపోయారు. జీవితమంతా పరాయి చావులకు గొంతిచ్చిన మనిషి తన చావుకు గొంతు ఖర్చు పెట్టలేదు.

మొన్న మావాడి స్నేహితులు ఇంటికొచ్చారు. ఇంటర్ చదివే పిల్లలు, పొడుగ్గా, గడ్డాలు మొలుస్తూ. గోడమీద మామగారి ఫొటో చూసి ఒకడు, "ఈయనేనారా మీ తాత? ఫైటరా? జబర్దస్త్ ఉండె గదా" అన్నాడు. మావాడు చిప్స్ తింటూ, "ఫైటరే గానీ, ఆయన జిందగీల ఒక్కణ్ణి గూడ కొట్టలేదు. కోపమే రాదు మా తాతయ్యకి. కదా నాన్నా?" అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. మా ఆయన ఇప్పుడు నిజం చెప్పేసినా తప్పుపట్టలేను. మా ఆయన చదువుతున్న కాగితం మీంచి తలెత్తి, మావాడి వైపు కుడిచెవి తిప్పి, ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఫొటో వంక చూశాడు. "అవున్రా. ఆయనకు కోపం రాదు" అన్నాడు.

వాడికి తెలిసిన తాతయ్య నిజమే, ఈయనకు తెలిసిన నాన్నా నిజమే. ఒక మనిషి మంచివాడు కావడానికి ఎంత కాలమైనా పట్టనీ గానీ, ఆ మంచితనం తను బాకీపడ్డవాళ్లకు కాక, వాళ్ల తరవాత వచ్చినవాళ్ల చేతికి అందుతుంది.